అమ్మ ఒడియా మర్చిపోతోంది. ఇది వయసా, జబ్బా?

బరంపురం_బాబు
అమ్మకి 75. పుట్టిల్లు పాతపట్నం. పద్దెనిమిదో ఏట పెళ్లయి బరంపురం వచ్చింది. వచ్చేనాటికి ఒక్క ఒడియా ముక్క రాదు. రెండేళ్లలో బేరమాడడం, ఐదేళ్లలో పోట్లాడడం వచ్చేసిందని నాన్న అనేవారు. ముప్పై ఏళ్లు ఇంట్లో అప్పడాలు చేయించి కొట్లకి వేసింది. పనివాళ్లతో, కొట్లవాళ్లతో, చీటీల వాళ్లతో మాటంతా ఒడియాలోనే.

ఆర్నెల్లుగా ఆ ఒడియా జారిపోతోంది. మొదట కూరల బండి దగ్గర గమనించాను. 'కఖారు' అనాల్సిన చోట ఆగిపోయింది. వేలు చూపించి "అదే... గుమ్మడికాయ" అంది. బండి అబ్బాయికి తెలుగొచ్చు కాబట్టి అక్కడ సరిపోయింది. ఇంట్లో సరిపోవడం లేదు. మా ఆవిడ ఒడియా అమ్మాయి. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు. మా వాడికి పదకొండేళ్లు, తెలుగు అసలు రాదు. తప్పు నాదే. నాయనమ్మ ఏదో అడుగుతుంది, వాడు తెల్లమొహం వేస్తాడు, ఆవిడ అన్నం కంచం పక్కకి తోసేస్తుంది.

పోయిన వారం డాక్టర్‌కి చూపించాను. ఆయన ఒడియాలో గబగబా అడిగారు. ఈ రోజు ఏ వారం, ఇది ఏ నెల, మూడు మాటలు చెప్తాను గుర్తుపెట్టుకో, వందలోంచి ఏడేడు తీసేస్తూ పో. 30కి 13 వచ్చింది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు అన్నారు, మాత్ర రాశారు, తర్వాతి పేషెంట్‌ని పిలిచారు. ఆటో ఎక్కాక అమ్మ నన్ను అడిగింది: "ఆయన ఏటి అడిగేడ్రా?"

అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఒక్క భాష మాత్రమే పోవడం అనేది ఉంటుందా? మాత్ర మొదలుపెట్టాలా?

రాయగడ_రాము
75 ఏళ్లకి మతిమరుపు రాకపోతే ఆశ్చర్యపడాలి. మా ఇంట్లో అందరూ అంతే. వయసుకి మాత్రలేమిటి, ఊరుకోండి.

జయపురం_జ్యోతి
రాము గారూ, ఊరుకోమనకండి. ఇరవై రెండేళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. ఆ 'వయసులే' అన్న మాటతో ఆలస్యమైపోయిన వాళ్లని లెక్కలేనంతమందిని చూశాను.

వయసుతో వచ్చేది ఇది: పేరు నాలుక చివర ఆడుతుంది, దొరకదు. రెండు గంటలాగి స్నానం చేస్తుంటే తడుతుంది. కొత్త ఫోను నేర్చుకోవడానికి ముందుకన్నా ఎక్కువ రోజులు పడుతుంది. రెండు పనులు ఒకేసారి పెట్టుకుంటే ఒకటి మాడుతుంది. మెదడు పరిమాణం కూడా కొంచెం తగ్గుతుంది. కానీ మాటల సంపద అంత తేలిగ్గా తగ్గదు, చాలామందికి అరవై దాటినా పెరుగుతూనే ఉంటుంది. యాభై ఏళ్లు ఆడిన మాట ఆర్నెల్లలో పోతోందంటే కారణం వెతకాలి.

బాబు గారూ, మీరు మూడు చెప్పండి. చెప్పిందే చెప్తున్నారా? డబ్బు లెక్క ఎలా ఉంది? తెలిసిన దారిలో తప్పిపోయారా?

అప్పడాల_అభిమాని
నాకు మూడు భాషలొచ్చు. అప్పులవాళ్ల పేర్లు మూడింట్లోనూ గుర్తుండవు. మాత్రుంటే నాకూ చెప్పండి.

పాత_మాస్టారు
ఇందులో నవ్వులాట వద్దు అభిమానీ. సరే, కొంచెం పర్వాలేదు.

బాబూ, కొత్తది ముందు పోతుంది, పాతది చివరిదాకా ఉంటుంది అని ఫ్రాన్సులో రీబో అనే ఆయన 1881లోనే రాశాడు. మీ అమ్మగారికి తెలుగు పునాది, ఒడియా మీద కట్టిన మేడ. మేడ ముందు కూలుతోంది. అంతే.

సిరోంచ_శీను
మాస్టారు చెప్పింది మా తాతయ్య విషయంలో అక్షరాలా జరిగింది. మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, గోదావరికి ఇవతల గట్టు. అవతల కాళేశ్వరం. తాతయ్య నలభై ఏళ్లు మరాఠీలోనే ఉద్యోగం చేశారు. చివరి రెండేళ్లూ ఒక్క మరాఠీ మాట రాలేదు. ఆస్పత్రిలో చేర్చినప్పుడు వార్డుబాయ్‌లందరూ మరాఠీ వాళ్లు. ఆయన "దప్పికైతాంది" అంటే దుప్పటి తెచ్చి కప్పారు. రెండు రోజులు అలా గడిచాక నేను వెళ్లాను. పెదాలు పగిలిపోయి ఉన్నాయి.

కానీ అందరికీ మాతృభాషే మిగులుతుందని మాత్రం అనుకోకండి. మా పక్కింటాయనది తెలుగిల్లే, చదువు మాత్రం మొదటి నుంచీ మరాఠీ బడిలో. ఆయనకి మరాఠీయే మిగిలింది. భార్యని "తుమ్హీ కోణ్", అంటే 'మీరెవరు' అని అడిగేవాడు.

పాత_మాస్టారు
శీను చెప్పింది ఒప్పుకుంటున్నాను. పునాది, మేడ పోలిక కొంచెం ఎక్కువ చేశాను. ఏ వయసులో నేర్చుకున్నాం అన్నదొక్కటే కాదు, ఏది ఎక్కువ వాడాం అన్నదీ ఉంటుంది.

పర్లాకిమిడి_పిల్ల
నాకు అర్థం కానిది ఒకటి. ఆవిడకి ఒడియా జారిపోతోందని ఇంట్లో ముందే తెలుసు. అలాంటప్పుడు ఒడియాలో పరీక్ష పెడితే 13 రాక ఇంకెంత వస్తుంది? రేపు నన్ను తమిళంలో అడిగితే నాకు సున్నా వస్తుంది.

మందుల_కొట్టు
@పర్లాకిమిడి_పిల్ల కరెక్ట్. ఆ 30 మార్కుల పరీక్ష అమెరికాలో 1975లో పుట్టింది. చదువుకున్న వాళ్లని మనసులో పెట్టుకుని చేసింది. రాయమంటుంది, చదవమంటుంది, బొమ్మ చూసి గీయమంటుంది. ఎన్నడూ పెన్ను పట్టని మనిషికి అక్కడే మార్కులు పోతాయి. అందుకే మన దేశంలో చదువు లేని పల్లె జనం కోసం హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో దాన్ని హిందీలో మార్చి రాసుకున్నారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తరఫున తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో పరీక్షలు తయారయ్యాయి. తెలుగులో చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

బాబూ, అమ్మగారు ఇప్పుడు వాడుతున్న మందులన్నీ ఇక్కడ రాయి. ఒక్కటీ వదలకుండా. జలుబు మాత్రతో సహా.

బరంపురం_బాబు
జ్యోతి గారికి జవాబు: చెప్పిందే చెప్తుంది, అవును. డబ్బు దగ్గర మాత్రం చాలా గట్టి. దారి తప్పలేదు గానీ, రెండేళ్లుగా ఒంటరిగా బయటికి వెళ్లడమే మానేసింది.

కొట్టు గారికి: షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్, పన్నెండేళ్లుగా. గ్యాస్ మాత్ర రోజూ పొద్దున, అదీ ఏడెనిమిదేళ్లు. బీపీది ఒకటి. రాత్రి దురద, జలుబు అని ఒక అలర్జీ మాత్ర వేసుకుంటుంది. అది వేసుకుంటే నిద్ర బాగా పడుతుందట, అందుకని జలుబు లేకపోయినా వేసుకుంటోందని నిన్ననే తెలిసింది.

మందుల_కొట్టు
అనుకున్నాను.

ఆ నిద్రొచ్చే పాతరకం అలర్జీ మాత్రలు ముసలివాళ్ల మెదడుకి మంచివి కావు. జ్ఞాపకానికి పనికొచ్చే ఒక రసాయనానికి అవి అడ్డం పడతాయి. విడ్డూరం చూడండి, డిమెన్షియాకి ఇచ్చే డోనెపెజిల్ అదే రసాయనాన్ని పెంచడానికి ఇస్తారు. అంటే ఒక మాత్ర కిందకి లాగుతుంటే ఇంకో మాత్ర పైకి లాగుతుంది. డాక్టర్‌కి ఈ సంగతి చెప్పారా?

ఇంకొకటి. మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్ర రెండూ ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో బీ12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది, అది తగ్గినా మతిమరుపు రావొచ్చు. తిండిలో చేప, గుడ్డు ఉన్నాయా?

బరంపురం_బాబు
చెప్పలేదు. ఆయన అడగలేదు. అమ్మ చేప ముట్టదు, నాన్న పోయాక గుడ్డు కూడా మానేసింది.

జయపురం_జ్యోతి
బీ12, థైరాయిడ్, సోడియం, షుగర్. ఈ నాలుగూ రక్తపరీక్షలో తేలిపోతాయి. చెవులు చూపించండి. ఈ మధ్య ఎప్పుడైనా పడ్డారా, తలకి దెబ్బ తగిలిందా గుర్తు చేసుకోండి. పెద్దవాళ్లకి చిన్న దెబ్బతో కూడా పుర్రె కింద నెమ్మదిగా రక్తం చేరుతుంది, వారాల తర్వాత మతి తప్పుతుంది. నడక మారిందా, మూత్రం ఆపుకోలేకపోతున్నారా అన్నవి కూడా డాక్టర్‌కి చెప్పాలి.

ఒక్కటి వేరుగా చెప్తున్నా. నిన్న బాగుండి ఈ రోజు హఠాత్తుగా అయోమయంగా మాట్లాడితే అది డిమెన్షియా అనుకుని ఇంట్లో కూర్చోకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం, ఇలా ఏదో ఒకటి ఉంటుంది. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

రాయగడ_రాము
ఇన్ని పరీక్షలకి అయ్యే ఖర్చు చూసి కొడుక్కి మతిపోతుంది. సరస్వతి ఆకు పచ్చడి పెట్టండి, చాలు. మా అమ్మమ్మ తొంభై దాకా ఎక్కాలు అప్పజెప్పింది.

కొరాపుట్_కాఫీ
అదే ఆకుని ఒడియా వాళ్లు థాల్కుడి అంటారు. పఖాళలోకి, అంటే చద్దన్నంలోకి నంచుకుంటే భలే ఉంటుంది. రుచికి తినండి రాము గారూ. దానికి జబ్బుని నిలబెట్టే శక్తి ఉంటే మా ఊళ్లో ఒక్కరికీ రాకూడదు, అందరి పెరట్లోనూ అదే.

రాయగడ_రాము
మీ ఊళ్లో కాఫీ ఎక్కువ తాగుతారు, అందుకని పనిచెయ్యడం లేదేమో.

గుణుపురం_గట్టు
రాము గారికి కోపం రాకుండా నా కథ చెప్తాను.

మా నాన్న రెవెన్యూలో గుమాస్తా. రిటైరయ్యాక గడియారం చూడకుండా టైం చెప్పే మనిషి. డెబ్బై రెండులో మొదలైంది. అడిగిందే అడగడం, తాళాలు బియ్యం డబ్బాలో పెట్టడం. మేమంతా 'వయసు, వయసు' అనుకున్నాం. అమ్మ కూడా కప్పిపుచ్చింది, ఆయన మాట మధ్యలో ఆగితే తనే పూర్తి చేసేసేది. పైగా ఇంటికి ఎవరొచ్చినా పాత కథలు బ్రహ్మాండంగా చెప్పేవారు. వంశధారకి వరదొచ్చిన ఏడు ఏ ఇంట్లో ఎవరు తలదాచుకున్నారో పేర్లతో సహా. అంత జ్ఞాపకం ఉన్నాయనకి జబ్బేమిటని చుట్టాలు మమ్మల్నే తిట్టారు.

రెండేళ్ల తర్వాత తెలిసిందేమిటంటే, ఆయన ఒక 'మంచి అబ్బాయి'కి నాలుగుసార్లు డబ్బు తీసి ఇచ్చారు. నాలుగుసార్లూ మొదటిసారి అనుకునే ఇచ్చారు. డబ్బు పోతే పోయింది. ఆ రెండేళ్లలో ఆయనతో కూర్చుని మాట్లాడుకోవలసినవి ఉండిపోయాయి, ఇల్లు ఎవరికి, వైద్యం ఎంతవరకు అని. అడిగే వేళకి ఆయన చెప్పే స్థితిలో లేరు.

సిరోంచ_శీను
పాత కథలు బాగా చెప్పడం మీద అందరూ మోసపోతారు. మేమూ మోసపోయాం.

జయపురం_జ్యోతి
దానికి కారణం ఉంది. మెదడులో చెవులకి లోపలివైపు, రెండు పక్కలా హిప్పోకాంపస్ అని చిన్న భాగం ఉంటుంది. సముద్రగుర్రం ఆకారం, పేరు కూడా అదే. ఈ రోజు జరిగినదాన్ని రేపటికి దాచేది అది. డిమెన్షియాకి ఎక్కువగా కారణమయ్యే అల్జైమర్ జబ్బులో మొదట దెబ్బతినే వాటిలో అదొకటి. పాతవి అప్పటికే మెదడులో మిగతాచోట్ల సర్దుకుని ఉంటాయి. అందుకే వరద గుర్తుంటుంది, పొద్దున తిన్న ఉప్మా గుర్తుండదు.

చేతిపని ఇంకా వేరు. వంట, అల్లిక, పాట, పూజ దాకా అలాగే ఉండొచ్చు. 1906లో అల్జైమర్ డాక్టర్ ఈ జబ్బు గురించి మొదటిసారి చెప్పినప్పుడు ఆయన చూసిన రోగి అరవై దాటినామె కూడా కాదు. ఆస్పత్రికి వచ్చేసరికి యాభై ఒకటి. కాబట్టి ఇది ముసలితనానికి ఇంకో పేరు కాదు.

అప్పడాల_అభిమాని
యాభై ఒకటా? నాకు యాభై రెండు. నిన్న బండి తాళం చేతిలో పెట్టుకుని బండి తాళం వెతికాను. జోకు కాదు, నిజంగా టెన్షన్ వచ్చింది ఇప్పుడు.

జయపురం_జ్యోతి
ఆ వయసులో రావడం చాలా అరుదు. తాళం ఎక్కడ పెట్టామో మర్చిపోతే ఫర్వాలేదు, తాళం ఎందుకో మర్చిపోతే రండి. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటారు?

అప్పడాల_అభిమాని
ఈ చర్చ చదువుతూ ఒంటిగంట దాకా.

జయపురం_జ్యోతి
అదీ సంగతి. గురక ఉంటే అది కూడా చూపించుకోండి.

బరంపురం_బాబు
నిన్న రాత్రి నేనే ఒక పని చేశాను. డాక్టర్ అడిగినవే తెలుగులో అడిగాను. నేరుగా అడిగితే ఉడుక్కుంటుందని అప్పడాల్లోకి మార్చాను.

"అమ్మా, వంద అప్పడాల్లో ఏడు విరిగిపోయాయి. ఎన్నున్నాయి?"
"తొంభై మూడు."
"ఇంకో ఏడు?"
"ఎనభై ఆరు."
"ఇంకో ఏడు?"
"డెబ్భై తొమ్మిది."
డెబ్భై రెండు, అరవై అయిదు కూడా చెప్పేసి నా వైపు చూసింది. "ఎవత్తిరా అలా విరగ్గొడుతోంది? దాన్ని మానిపించేయ్."

అయిదుకి అయిదు. అక్కడ ఒక్కటీ రాలేదు. మా ఆవిడ అన్న మాట: "అత్తయ్య కూలి డబ్బులు ఒడియాలో చెప్పేవారు గానీ, మనసులో లెక్క ఎప్పుడూ తెలుగులోనే. పెదాలు కదిలేవి, నేను చూసేదాన్ని." ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నా నేను చూడలేదు.

పర్లాకిమిడి_పిల్ల
ఎవత్తిరా విరగ్గొడుతోంది 😂 ఆవిడ మెదడు మా అందరికన్నా బాగుంది. చెప్పానా, భాష సమస్యే.

జయపురం_జ్యోతి
ఆగండి. మూడు మాటల సంగతేమిటి బాబు గారూ? అది కూడా అడిగారా?

బరంపురం_బాబు
అడిగాను. రాయాలా వద్దా అని ఆలోచించాను.

వంకాయ, గొడుగు, బిందె అని చెప్పి మూడింటినీ తిరిగి అనిపించాను. చక్కగా అంది. అయిదు నిమిషాలయ్యాక అడిగితే ఒక్కటీ రాలేదు. కూరగాయ పేరు అని అందించాను, రాలేదు. "నువ్వు నాకేం చెప్పలేదు" అంది. అబద్ధమాడే ముఖం కాదు అది. నిజంగానే నేను చెప్పలేదు, ఆవిడ వరకు.

జయపురం_జ్యోతి
అందుకే అడిగాను. లెక్క పాత సొత్తు. మూడు మాటలు కొత్త సరుకు. అందించినా రాలేదంటే లోపలికి చేరలేదన్నమాట. భాష సమస్య ఉంది, నిజం. దాని కింద ఇంకోటి కూడా ఉండొచ్చు. 'భాషే' అనుకుని తృప్తిపడితే గట్టు గారింట్లో జరిగిందే మళ్లీ జరుగుతుంది.

పర్లాకిమిడి_పిల్ల
సారీ. తొందరపడ్డాను.

పాత_మాస్టారు
ఇక్కడ ఒక మంచి మాట కూడా చెప్పుకోవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించింది. ఒక్క భాషే వచ్చిన వాళ్లకన్నా రెండు భాషలొచ్చిన వాళ్లకి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు వల్ల కాదా అంటే, అసలు బడికే వెళ్లని వాళ్లలోనూ తేడా కనిపించింది. మన సరిహద్దు మనుషులకి ఇది వట్టినే వచ్చిన సంపాదన. పొద్దున లేస్తే పాలవాడితో ఒకటి, పక్కింటితో ఒకటి. ఎప్పుడు ఏది మాట్లాడాలి, ఏది ఆపుకోవాలి అన్న కసరత్తు రోజంతా సాగుతూనే ఉంటుంది.

రాయగడ_రాము
నాకు తెలుగు, ఒడియా, హిందీ, కొంచెం కువి వచ్చు. లెక్క ప్రకారం ఎన్నేళ్లు కలిసొస్తుంది మాస్టారూ?

పాత_మాస్టారు
ఆశ పడకు. రెండు దాటాక అదనంగా ఏమీ కలిసిరాలేదని అందులోనే ఉంది. పైగా అది ఆలస్యం చేస్తుందని చూపింది, రాకుండా ఆపుతుందని కాదు.

కొరాపుట్_కాఫీ
చెవుల గురించి జ్యోతి గారు ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. మా అత్తయ్య పిలిస్తే పలకదు, అడిగినదానికి ఇంకేదో చెప్తుంది. అందరూ మతి పోయిందన్నారు. చెవి మిషను పెట్టించాక సగం మతి తిరిగొచ్చింది. మిగతా సగం ముందు నుంచీ లేదని మావయ్య అంటారు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ డిమెన్షియాకి మార్చుకోదగ్గ కారణాలు పద్నాలుగు చెప్పింది. అందులో వినికిడి తగ్గడం పెద్దవాటిలో ఒకటి. చూపు తగ్గడం, బీపీ, షుగర్, పొగ, ఒంటరితనం కూడా ఉన్నాయి. అన్నీ సరిచూసుకుంటే దాదాపు 45 శాతం కేసులు ఆపడమో ఆలస్యం చెయ్యడమో కుదురుతుందని లెక్క. పజిళ్లు కొనిచ్చే ముందు శుక్లాలు తీయించండి.

బరంపురం_బాబు
ఇంకో విషయం, దీనికి సలహా కావాలి. సాయంత్రం ఐదు దాటితే అమ్మ వేరే మనిషి. చీర సర్దుకుంటుంది, సంచీ తీస్తుంది. "చిన్న రైలు వెళ్లిపోయిందా?" అంటుంది. నౌపడాలో పెద్ద రైలు దిగి చిన్న రైలెక్కి పాతపట్నం వెళ్లేది పూర్వం. నారోగేజీ. 2004లో దాన్ని ఆపేశారు, తర్వాత పెద్ద లైను వేశారు. అన్నయ్య ఉన్నప్పుడు ఇదంతా వివరంగా చెప్పాడు, చిన్న రైలు లేదు, అక్కడ అమ్మమ్మా లేదు అని. అమ్మ ఏడ్చింది. మర్నాడు ఐదింటికి మళ్లీ అడిగింది. వాడు మళ్లీ చెప్పాడు. మళ్లీ ఏడ్చింది.

గుణుపురం_గట్టు
ఆ రైల్లోనే మేం కాలేజీకి వెళ్లింది. దిగి పక్కన నడిచినా మళ్లీ ఎక్కేయొచ్చు అనేవాళ్లం.

మీ అన్నయ్యని ఆ ప్రయత్నం ఆపమనండి. అమ్మమ్మ పోయిన వార్త మీ అమ్మగారికి రోజూ సాయంత్రం కొత్తగా తెలుస్తోంది.

పాత_మాస్టారు
అలాగని తల్లికి అబద్ధం చెప్పమంటారా? నాకు మనసొప్పదు.

జయపురం_జ్యోతి
అబద్ధం అక్కర్లేదు మాస్టారూ. రైలు ఉందనీ అనొద్దు, లేదనీ అనొద్దు. "ఆ రైల్లో ఏం తినేవాళ్లమ్మా?" అని అడిగి పక్కన కూర్చోవాలి. ఇంట్లో దీపాలు పెందలాడే వెయ్యండి, చీకటి నీడలు వాళ్లని కంగారుపెడతాయి. మధ్యాహ్నం నిద్ర తగ్గించండి. ఆకలో, దాహమో, బాత్రూమ్ అవసరమో చూడండి. చాలాసార్లు ప్రయాణం వెనకాల ఉండేది అదే.

పాత_మాస్టారు
ఇది బాగుంది.

మందుల_కొట్టు
ఫోన్ నంబర్లు రాసి పెట్టుకోండి. పెద్దవాళ్ల సాయానికి 14567. చూసుకునే వాళ్ల మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416. బాబూ, రెండోది నీకు.

బరంపురం_బాబు
మూడు వారాలకి వస్తున్నాను, పరీక్షలన్నీ అయ్యేసరికి ఇంత పట్టింది.

బీ12 బాగా తక్కువ. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. థైరాయిడ్, సోడియం బాగున్నాయి. అలర్జీ మాత్ర డాక్టరే ఆపేశారు. మొదటి నాలుగు రాత్రులు నన్ను తిట్టింది, ఐదో రాత్రి నుంచి పడుకుంటోంది. రెండు చెవుల్లో గుబిలి తీయించాను, ఆ గిన్నె సంగతి ఇక్కడ రాయను.

విశాఖలో తెలుగు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. నలభై నిమిషాలు కూర్చోబెట్టుకున్నారు. మొదటి పది నిమిషాలూ అప్పడాల గురించే మాట్లాడారు. తర్వాత పరీక్ష. 21 వచ్చింది. ఒడియాలో 13, తెలుగులో 21. మిగతా తొమ్మిదీ ఏ భాషలోనూ లేవు.

స్కాన్ తీశారు. తొలిదశ అల్జైమర్ కావచ్చన్నారు. బీ12 సరిచేసి మూడు నెలలాగి మళ్లీ చూస్తారట. కొంత తేరుకోవచ్చు, అంతా రాదు అని నా మొహం మీదే చెప్పారు. అలా చెప్పినందుకు ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది. మాత్ర గురించి అప్పుడు నిర్ణయిద్దామన్నారు.

గుణుపురం_గట్టు
సంతకాలు, బ్యాంకు పనులు ఇప్పుడే చూసుకోండి. ఆవిడని అడిగి, ఆవిడ ముందే.

బరంపురం_బాబు
మొన్న ఆదివారం కూర్చున్నాం. ఎవరికేం ఇవ్వాలో మాకన్నా స్పష్టంగా చెప్పింది. గొలుసు మా ఆవిడకట. ఆ ఒక్క మాట ఒడియాలో అంది.

పర్లాకిమిడి_పిల్ల
😭

సిరోంచ_శీను
మీ అబ్బాయి సంగతేమిటి? మా తాతయ్య నీళ్ల కథ నేను ఊరికే చెప్పలేదు.

బరంపురం_బాబు
వాడు ఫోన్లో వెతికి కాగితం మీద ఇరవై తెలుగు మాటలు ఒడియా లిపిలో రాసి ఫ్రిజ్‌కి అంటించాడు. నీళ్లు, నొప్పి, చలి, చాలు, ఇంకా కావాలా... నాయనమ్మ దగ్గరికెళ్లి "పిపాస అగుచున్నదా?" అని అడిగాడు. ఆవిడ పడీపడీ నవ్వింది. "దాహం వేస్తందా అనాల్రా, పంతులు లాగ ఆ మాటేటి?" అని దిద్దింది. గంట తర్వాత వాడు మళ్లీ అడిగాడు, మళ్లీ దిద్దింది, అంతే నవ్వుతో. వాడికి ఇప్పుడది ఆట. కావాలనే తప్పు మాట్లాడుతున్నాడు.

అప్పడాల_అభిమాని
ఇన్నాళ్లూ మొహమాటపడ్డాను. అమ్మగారి అప్పడాల కొలత ఎవరైనా రాసి పెట్టుకున్నారా?

బరంపురం_బాబు
ఎవరూ రాయలేదు. ఈ సాయంత్రం రైలు వేళకి అదే అడిగాను. మినప్పిండి చెప్పింది, మిరియాలు చెప్పింది, ఇంగువ నీళ్లలో నానబెట్టాలంది, పిండి ఎంతసేపు దంచాలో మోకాలి మీద పిడికిలితో కొట్టి చూపించింది. ఉప్పు దగ్గర ఆగిపోయింది. మళ్లీ అడగలేదు. పొద్దుటిపూట బాగుంటుంది, రేపు ఏడింటికి పిండి కలిపించి చేతికిస్తాను.